అద్దంలా మెరిసింది, బండి మాత్రం లాగలేదు

మా ఇంట్లో టీవీ పక్కన అరలో ఒక అల్యూమినియం ముక్క ఉంటుంది. అరచేతిలో పట్టేంత. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి, ‘‘ఏంటిది, ఏదైనా పోటీలో ఇచ్చారా?’’ అని అడుగుతారు. కాదు. అది బైకు ఇంజిన్ సిలిండర్ హెడ్. దాని రంధ్రంలో వేలు పెట్టి చూస్తే గాజులా నున్నగా తగులుతుంది. ఆ నునుపు కోసం నేను పదకొండు రాత్రులు నిద్ర మానుకున్నాను. ఆ నునుపు వల్లే మా నాన్న మూడు వారాలు మంచం దిగలేకపోయాడు.

ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. ‘వాగు దగ్గర బురదలో జారి పడ్డాను’ అనే నాన్న అందరికీ చెప్పాడు. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు.

మాది దుమ్ముగూడెం. ముందు గోదావరి, వెనక అడవి. భద్రాచలం సుమారు పాతిక కిలోమీటర్లు. నాన్నది సంతల వ్యాపారం. ఉప్పు, ఎండుచేపలు, ఉల్లిగడ్డలు బండి మీద వేసుకుని చర్ల వైపు ఊళ్లకు రోజుకో సంతకు వెళ్తాడు. బండి 2008 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. వెనక రెండు బస్తాలు, ట్యాంకు మీద ఒక మూట. దాని మీదే నా ఫీజులు కట్టారు, దాని మీదే అక్క పెళ్లి అయింది. మా ఇంట్లో సంపాదించేది ఇద్దరు అనుకుంటే, ఒకరు నాన్న, రెండోది ఆ బండి.

2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ నెల 16న అది 71.3 అడుగులకు వెళ్లింది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని చెప్పే పెద్దవాళ్లు కూడా ఆ రాత్రి మాట్లాడకుండా కూర్చున్నారు. మేం సామాను తీసుకుని బయటపడ్డాం. బండిని ఎత్తైన అరుగు మీద పెట్టి, తాడుతో స్తంభానికి కట్టి వచ్చాం. నీళ్లు దిగాక వెళ్లి చూస్తే స్తంభం ఉంది, బండి ఉంది. సీటు వరకూ ఒండ్రు పట్టి ఉంది.

నేను ఐటీఐలో ఫిట్టర్ చేశాను. భద్రాచలంలో ఒక మెకానిక్ బాబాయ్ దగ్గర కొన్నాళ్లు పనికి కూడా వెళ్లాను. వరద తర్వాత ఆయన షెడ్డు ముందు బళ్లు వరస కట్టాయి. మా వంతు వచ్చేసరికి నెల పట్టేలా ఉంది. ‘‘ఇంట్లోనే విప్పుతాను నాన్నా’’ అన్నాను. నాన్న ఒక్క నిమిషం ఆలోచించి తాళం చేతిలో పెట్టాడు.

అక్కడివరకూ నేను చేసింది తప్పు కాదు. ఆయిల్ కాఫీ రంగులో బయటికి వచ్చింది. హెడ్ ఊడదీస్తే వాల్వుల సీట్ల మీద తుప్పు చుక్కలు. బోరు పెద్దగా దెబ్బతినలేదు. కొత్త రింగులు, కొత్త ప్యాకింగులు, వాల్వులకు గ్రైండింగ్ పేస్టు పెట్టి సీటింగ్ చేసుకుంటే చాలు. నాలుగు రోజుల పని. కానీ హెడ్ చేతిలో ఉంది, ఫోన్ జేబులో ఉంది. ఫోన్లో వీడియోలు ఉన్నాయి. ‘పోర్టింగ్ అండ్ పాలిషింగ్’ అని.

మన దగ్గర పోర్టింగ్ అనగానే అందరికీ ఆర్ఎక్స్ 100 గుర్తొస్తుంది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి అది, టూ స్ట్రోక్. దాంట్లో గాలి వచ్చే దారులు, పొగ వెళ్లే దారులు సిలిండర్ గోడలోనే ఉంటాయి. హెడ్ పైన మూత మాత్రమే. స్ప్లెండర్ లాంటి ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఆ రెండు దారులూ హెడ్‌లో ఉంటాయి. కార్బరేటర్ నుంచి గాలి, పెట్రోలు కలిసి ఒక వంపు తిరిగిన గొట్టంలోంచి వచ్చి, ఇన్‌లెట్ వాల్వు దాటి సిలిండర్లోకి దిగుతాయి. మండాక పొగ రెండో గొట్టంలోంచి సైలెన్సర్‌కి పోతుంది. ఆ గొట్టాలే పోర్టులు. అచ్చులో పోసిన అల్యూమినియం కాబట్టి లోపల గరుకు ఉంటుంది, అక్కడక్కడ అచ్చు కలిసిన చోట గీతలు లేస్తాయి. సీటు రింగు కూర్చున్న చోట చిన్న మెట్టు ఉంటుంది. వాటిని అరగదీసి గాలికి దారి సాఫీ చేయడమే పోర్టింగ్. తర్వాత నునుపు చేయడం పాలిషింగ్.

వినడానికి ఎంత బాగుంది! స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. 8000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4000 సార్లు గాలి పీలుస్తుంది. ఒక్కో పీల్పుకి పిస్టన్ కిందికి దిగే సమయం సెకనులో వెయ్యోవంతుల్లో చెప్పాలంటే నాలుగు కూడా ఉండదు. అంత తక్కువ సమయంలో దారిలో గరుకు తగిలితే గాలికి ఇబ్బందే కదా! దారి పెద్దది చేస్తే ఎక్కువ గాలి, ఎక్కువ గాలి అంటే ఎక్కువ పవర్. నా లెక్క అంతే. ఇంకో లెక్క ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

చిన్న రోటరీ గ్రైండర్, అల్యూమినియానికి వాడే కార్బైడ్ బిట్టు, ఎమరీ పేపర్లు ఆన్‌లైన్లో తెప్పించాను. వరండాలో స్టూలు మీద హెడ్ బిగించి మొదలుపెట్టాను. అల్యూమినియం మెత్తటి లోహం. ఇనుములా నిప్పురవ్వలు రావు, మొండికెయ్యదు. బిట్టు పళ్లలో జిగురులా ఇరుక్కుంటుంది. కొవ్వొత్తి మైనం రాస్తే ఇరుక్కోదని వీడియోలో చూశాను, నిజంగానే పనిచేసింది. మెత్తగా వెన్న చెక్కినట్టు వస్తుంటే చేతికి ఒక మత్తు ఎక్కుతుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనిపిస్తుంది. ఆ ‘ఇంకొంచెం’ దగ్గరే నేను మునిగిపోయాను.

ఇన్‌లెట్ పోర్టు మొత్తం చుట్టూ వెడల్పు చేశాను. వంపు లోపలి అంచుని కూడా చెక్కేశాను. ఆ తర్వాత ఎమరీ 80, 120, 220, 400, చివరికి 1000 నంబరు. చివర్లో పాత బనీను గుడ్డకి మెటల్ పాలిష్ రాసి తోమాను. అంతటితో ఆగలేదు. పిస్టన్ పైన ఉండే గిన్నెలాంటి భాగం, అదే దహన గదిని కూడా రుద్ది మెరిపించాను. సెల్‌ఫోన్ లైటు వేస్తే నా మొహం కనపడింది. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. తొంభై మంది చూశారు. ఐటీఐ ఫ్రెండ్స్ అందరూ నిప్పు బొమ్మలు పంపారు. పన్నెండో రోజు బండి స్టార్ట్ అయింది.

మొదటిసారి నేనే నడిపాను. ఒంటరిగా, లగేజీ లేకుండా, భద్రాచలం-చర్ల రోడ్డు మీద. పై స్పీడులో బండి ఇంతకుముందులా గొంతు నొక్కినట్టు ఆగిపోలేదు. ఇంకా పోతాను అన్నట్టు ఉంది. నాకు ఏనుగెక్కినంత గర్వం. స్టార్టింగులో కొంచెం నీరసంగా ఉన్నట్టు అనిపించింది గానీ, కొత్త రింగులు కదా, అవే సర్దుకుంటాయిలే అనుకున్నాను. తెలిసీ తెలియనట్టు ఊరుకోవడం అంటే అదే.

నాన్న మర్నాడు సంతకు తీసుకెళ్లాడు. సాయంత్రం వచ్చాక, ‘‘ఎలా ఉంది నాన్నా?’’ అన్నాను. ‘‘బాగుందిరా, సౌండు మెత్తగా ఉంది’’ అన్నాడు. అంతే.

సెప్టెంబరులో ఒక వాన రోజు. లోపలి ఊరి సంతకి వెళ్లే మట్టిదారిలో ఒక వాగు అడ్డం వస్తుంది. వాగు దిగి అవతల గట్టు ఎక్కాలి. పాత ఇంజిన్ ఉన్నన్నాళ్లూ నాన్న ఫస్ట్ గేరులో వేసి, యాక్సిలేటర్ కొంచెం పట్టుకుంటే చాలు, బండి ఎద్దులా గునగునా ఎక్కేసేది. ఆ రోజు ఎక్కలేదు. ఇంజిన్ పడిపోబోతుంటే నాన్న గట్టిగా రేజ్ చేసి క్లచ్ వదిలాడు. పవర్ ఒక్కసారిగా అందుకుంది. వెనక చక్రం బురదలో తిరిగిపోయింది. రెండు బస్తాలతో సహా బండి వెనక్కి జారి ఆయన కాలు మీద పడింది. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఉప్పు బస్తా వాగులో పడి కరిగిపోయింది. అటుగా వస్తున్న కోయ కుర్రాళ్లు నలుగురు బండి లేపి, ఆయన్ని మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు.

కాలికి కట్టు కట్టించి ఇంటికి తెచ్చిన రాత్రి అమ్మ ఏడుస్తోంది. నాన్న, ‘‘బురద ఎక్కువుందే, నేనే చూసుకోలేదు’’ అంటున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నోరు పెగల్లేదు.

మర్నాడు హెడ్ విప్పి భద్రాచలం తీసుకెళ్లి బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, పోర్టులోకి చూసి, వేలు పెట్టి తిప్పాడు. ‘‘పనితనం బాగుందిరా. పెళ్లికి పెట్టుకునే ఉంగరంలా చేశావ్. మీ నాన్న ఈ బండి మీద పందేలకి పోతాడా, ఉప్పు బస్తాలు మోస్తాడా?’’ అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు. ‘‘మీ ఊళ్లో ఆనకట్ట ఉందిగా, సాయంత్రం వెళ్లి ఒక గంట నీళ్లు చూడు. రేపు రా’’ అన్నాడు.

ఎన్నోసార్లు చూసిన ఆనకట్టే. పంతొమ్మిదో శతాబ్దంలో కాటన్ దొర ఆలోచనతో కట్టింది. ఎగువన మహారాష్ట్ర వైపు పండే పత్తిని పడవల్లో గోదావరి మీదుగా సముద్రం దాకా దింపాలని ఆ రోజుల్లో పెద్ద పథకం వేశారు. దారిలో రాళ్లతో నిండిన అడ్డంకులు మూడు ఉండేవి. వాటిలో మొదటిది మా దుమ్ముగూడెం దగ్గరిదే. పడవలు దాటడానికి ఇక్కడ లాకులు, కాలువ కట్టారు. ఖర్చు పెరిగిపోయి, 1871లో ఆ పథకం పనులే ఆపేశారు. చిన్నప్పుడు ఈ కథ స్కూల్లో విన్నాను. ఇప్పుడు గట్టు మీద కూర్చుని నీళ్లు చూస్తుంటే వేరేలా కనిపించింది.

రాళ్ల మధ్య ఇరుకుగా ఉన్న చోట నీరు పరుగెడుతోంది. ఆకు వేస్తే లాక్కుపోతోంది. వెడల్పుగా ఉన్న చోట అదే నీరు నిద్రపోతున్నట్టు ఉంది. అక్కడే ఒండ్రు కింద పడి మేట వేస్తోంది. మలుపు దగ్గర నీరు లోపలి అంచుని వదిలేసి బయటికి కొట్టుకుంటోంది, లోపల సుడి తిరుగుతోంది. నాకు ఒక్కసారిగా అర్థమైంది. నా పోర్టులో గాలీ ఇదే చేస్తోంది.

దారి వెడల్పు చేస్తే గాలి వేగం తగ్గుతుంది. 8000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ అంత గట్టిగా లాగుతుంది కాబట్టి వెడల్పు దారి పనికొస్తుంది. 2500 దగ్గర, బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు గాలి నెమ్మదిగా వస్తుంది. వేగం లేకపోతే పెట్రోలు తుంపరలు గాలిలో తేలలేవు. ఒండ్రు మేట వేసినట్టు గోడకి అంటుకుని, చుక్కలుగా జారుతాయి. పైగా నేను గోడని అద్దంలా చేశాను. నున్నటి గోడ మీద పెట్రోలు పొరలా పరుచుకుంటుందనీ, అందుకే కార్బరేటర్ బళ్లకి ఇన్‌లెట్ వైపు కొంచెం గరుకు వదలాలనీ బాబాయ్ మర్నాడు చెప్పాడు. ‘‘వంపు లోపలి అంచు ఉందే, అదే ప్రాణం. దాన్ని చెక్కేశావ్. గాలి తిరగలేక సుడి పడుతుంది’’ అన్నాడు.

ఇంకో తప్పు నేనే పట్టుకున్నాను. దహన గదిని కొలిచాను. ఇది ఎవరైనా ఇంట్లో చెయ్యొచ్చు. వాల్వులు, ప్లగ్గు బిగించి, గది అంచుకి గ్రీజు రాసి, పైన చిన్న రంధ్రం చేసిన ప్లాస్టిక్ అద్దం ముక్క పెట్టి, సిరంజితో కిరోసిన్ ఎక్కించాలి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే అంత గది. బాబాయ్ షెడ్డులో ఉన్న అదే మోడల్ పాత హెడ్‌తో పోలిస్తే నాది సుమారు ఒక మిల్లీలీటరు ఎక్కువ పట్టింది. ఒక్క మిల్లీలీటరే కదా అనిపిస్తుంది. కంప్రెషన్ 9:1 ఉన్న 97.2 సీసీ ఇంజిన్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా మొత్తం 12 మిల్లీలీటర్ల చిల్లర. దానికి ఒకటి కలిస్తే 9 కాస్తా 8.4కి పడిపోతుంది. మెరుపు కోసం నేను రుద్దిన ప్రతి రుద్దుకీ నాన్న బండి బలం కొంచెం కొంచెం పోయింది.

చెక్కేసిన అల్యూమినియం తిరిగి రాదు. వెల్డింగ్ చేసి నింపొచ్చు, కానీ ఆ వేడికి హెడ్ వంగే ప్రమాదం ఉంది. బాబాయ్ పాత హెడ్ ఇచ్చాడు. డబ్బులు నెలనెలా ఇస్తానన్నాను. ‘‘ఈసారి నా ముందు చెయ్యి’’ అన్నాడు.

రెండోసారి చేసిన పని ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. అచ్చు గీతలు మాత్రం తీశాను. సీటు రింగు కింద ఉన్న మెట్టుని గోడతో కలిపాను, సీటు మీద బిట్టు తగలకుండా. ఇన్‌లెట్ ప్యాకింగ్‌ని హెడ్ మీద పెట్టి మార్కర్‌తో గీసుకుని, ఎక్కడ అంచు లోపలికి పొడుచుకొచ్చిందో అంతే తీశాను. వంపు లోపలి అంచుని 120 నంబరు ఎమరీతో సున్నితంగా తుడిచి వదిలేశాను. ఇన్‌లెట్‌ని ఆ గరుకు దగ్గరే ఆపాను. పొగ వెళ్లే పోర్టుని మాత్రం కాస్త ఎక్కువ నునుపు చేశాను, కార్బన్ తొందరగా పట్టదని. దహన గదిలో కార్బన్ గీకడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. చివర్లో కిరోసిన్‌తో రెండుసార్లు కడిగి, ఆయిల్ దారులన్నీ గాలి కొట్టి, తెల్ల గుడ్డతో తుడిచి చూశాను. ఒక్క అల్యూమినియం రజను మిగిలినా కొత్త రింగుల్ని తినేస్తుంది.

తీసిన రజనంతా కాగితం మీద పోస్తే చిటికెడు లేదు. మొదటిసారి తీసింది టీ గ్లాసులో సగం ఉండేది.

పందేల బళ్లకి పెద్ద పోర్టులు తప్పు కాదు. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే లాంటి ట్రాకుల మీద ఇంజిన్ ఎప్పుడూ పై స్పీడులోనే తిరుగుతుంది. అక్కడ వాళ్లు పోర్టుతో పాటు క్యామ్, కార్బరేటర్, సైలెన్సర్ అన్నీ కలిపి మారుస్తారు. ఎంత గాలి వెళ్తోందో మిషన్ మీద కొలిచి చూసుకుని చెక్కుతారు. నేను కొలవకుండా చెక్కాను. రోడ్డు బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బళ్లలో పెట్రోలునీ, పొగనీ సెన్సర్లు చూసుకుంటాయి. అక్కడ ఇలాంటి ప్రయోగం అసలు వద్దు. గ్రైండర్ పట్టుకుంటే కళ్లజోడు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. నాకు మొదటి మూడు రాత్రులు కళ్లు మండాకే ఈ బుద్ధి వచ్చింది.

కట్టు విప్పిన వారానికి నాన్న బండి బయటికి తీశాడు. అప్పటికి దసరా దగ్గరికొచ్చింది. నేను వెనక కూర్చుంటానన్నాను. బస్తాలకి జాగా కావాలి అన్నాడు. అయితే ఇంకో బండి మీద వెనకే వస్తానన్నాను. అదే వాగు దగ్గర ఆగాం. గట్టు ఇంకా తడిగానే ఉంది. నాన్న ఫస్ట్ గేరు వేసి, యాక్సిలేటర్ కొంచెం పట్టుకున్నాడు. బండి గునగునా ఎక్కింది. కొత్త బలం ఏమీ కాదు, పాత బలమే. మహా అయితే కొంచెం సాఫీగా.

గట్టు మీద ఆగి బీడీ వెలిగించుకున్నాడు. అప్పుడు చెప్పాను. ‘‘నాన్నా, ఆ రోజు బురద కాదు. నేను హెడ్ పాడుచేశాను.’’

పొగ వదిలి వాగు వైపు చూస్తూ అన్నాడు, ‘‘తెలుసులేరా. లాగట్లేదని మొదటి రోజే తెలిసింది.’’

‘‘మరి చెప్పలేదేం?’’

‘‘పదకొండు రాత్రులు కూర్చున్నావు. ఎలా చెప్పేది?’’

నాకేం అనాలో తోచలేదు. నేను ఆయన్ని నిజం అడగలేదు, ‘ఎలా ఉంది’ అని మెప్పు అడిగాను. ఆయన నాకు కావలసిందే ఇచ్చాడు. ఆ మొహమాటానికి ఆయన కాలు ఖరీదు కట్టింది. అప్పటి నుంచి ఎవరి బండి చేసినా ‘ఎలా ఉంది’ అని అడగడం మానేశాను. ‘‘బస్తాలు వేసుకుని గట్టు ఎక్కించి చూసి చెప్పండి’’ అంటాను.

మొదటి హెడ్ని పాత సామానుకి వేసేద్దామనుకున్నాను. నాన్నే వద్దన్నాడు. తుడిచి టీవీ పక్కన పెట్టాడు. ‘‘చూడ్డానికి బాగుంది కదరా, ఉండనీ’’ అన్నాడు.